కల్లు బంగళా వెతుక్కుంటూ బళ్ళారికి

మార్చి నెలాఖరులో బళ్ళారి వెళ్ళొచ్చానంటే మా ఒంగోలులో ఒక్కరూ నమ్మడం లేదు. "ఎండలు చాల్లేదా నీకిక్కడ?" అంది పక్కింటావిడ. "గనుల్లో వాటా కొన్నావా ఏంటి?" అన్నాడు మందుల షాపాయన. ఇప్పుడు బళ్ళారి పేరెత్తితే చాలు, ఇనుపరాయి, లారీలు, హెలికాప్టర్లు తప్ప ఇంకో మాట రావడం లేదు కదా. నేను వెళ్ళింది మాత్రం ఒక కల్లు దుకాణం కోసం. ఈ సంగతి వెళ్ళేముందు ఎవరికీ చెప్పలేదు. గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై, ఆదివారం తప్పకుండా గుడికి వెళ్ళే ఆడమనిషి కల్లు కోసం రైలెక్కిందంటే ఇంకేమైనా ఉందా!

సంగతేమిటంటే, మా తాత యోహానుది బళ్ళారి. అమ్మమ్మ కరుణమ్మది ఒంగోలు. మిషన్ సంఘాల వాళ్ళు మాట్లాడి కుదిర్చిన సంబంధం. పెళ్ళికొడుక్కి దొర దగ్గర ఉద్యోగమని చెప్పారు. పెళ్ళయ్యాక ఆయన కొన్నాళ్ళు అత్తవారింట్లోనే ఉన్నాడు. ఇక పెళ్ళాన్ని తీసుకుని బయల్దేరదామనుకున్న రోజు భోజనాల దగ్గర మా ముత్తాత అడిగాడు, "అక్కడ కాపురం ఎక్కడ బాబూ?" అని. తాత సంతోషంగా, "కల్లు బంగళాలో. నేనుండేదీ ఆడే, పనిచేసేదీ ఆడే" అన్నాడట. ముత్తాత ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన సంఘపెద్ద. కల్లు మానండి, సారా మానండి అని పల్లెపల్లె తిరిగి ప్రసంగాలు చేసిన మనిషి. ఆ ఇంట్లో కల్లు అనే మాటే పలకకూడదు. తాటిచెట్టు పేరెత్తితే కూడా నోరు కడుక్కోమనేవారట!

అందుకని అదేం చోటు, అక్కడేం పని అని ఒక్కరూ అడగలేదు. "ఆ చోటు వదిలేస్తేనే పిల్లను పంపిస్తాం" అన్నారు. "ఎందుకు వదలల్ల? నాకేం తక్కువ ఆడ?" అన్నాడాయన. మా అమ్మ పుట్టాక మరోసారి వచ్చాడు. మళ్ళీ అదే మాట, అదే జవాబు. ఆ తర్వాత రాలేదు. అమ్మ చిన్నపిల్లగా ఉండగానే జ్వరంతో పోయాడని కబురొచ్చింది.

అమ్మను బడిలో "మీ నాన్న ఏం చేస్తాడు?" అని అడిగితే "లేడు" అని కూర్చునేదట. ఆయన ఫోటో ఒక్కటుంటే దాన్ని తను బతికున్నంత కాలం గోడకు ఎక్కనివ్వలేదు. "కల్లు పోసినాయన ఫోటో కింద కూర్చుని ప్రార్థన చేసుకుంటామా?" అనేది. అమ్మా పోయింది. మిగిలింది నేనూ, తొంభై దాటిన అమ్మమ్మా.

ఫిబ్రవరిలో అమ్మమ్మకు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన రోజు నన్ను మంచం దగ్గరికి పిలిచి, "బళ్ళారి వెళ్ళి ఆ చోటు చూసి రావే. నేనెవరికి పెళ్ళాన్నో పోయేలోపు తెలుసుకోవాలి" అంది. నేను సరేనన్నాక గొంతు ఇంకా తగ్గించి ఇంకో మాట చెప్పింది. "వెళ్ళిపోయే రోజు వసారాలో నన్ను పక్కకు పిలిచాడే. 'నువ్వొక్కసారి వచ్చి చూడు, ఎండాకాలంలో కూడా ఎంత చల్లగుంటాదో' అన్నాడు. నన్ను కూడా తాగమంటున్నాడనుకుని లోపలికి పరిగెత్తాను." చెప్పి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

గుంతకల్లు

ఒంగోలు నుంచి బళ్ళారికి వెళ్ళేవాళ్ళు ఏదో ఒక చోట గుంతకల్లులో పడక తప్పదు. పెద్ద జంక్షను. ఎవరెటు పోతున్నారో వాళ్ళకే తెలియనట్టు జనం పరిగెడుతుంటారు. నా ఎదుటి సీట్లో హుబ్బళ్ళి పోయే బట్టల వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. నేను కాఫీ కోసం కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే, "గుంతకల్లులో కాఫీ అడుగుతారేమండీ, పేరులోనే ఉందిగా ఏం దొరుకుతుందో!" అని పకపకా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. నా మొహం మీద గాని రాసి ఉందా నేనెందుకు పోతున్నానో అని చీరకొంగు సర్దుకుని, ఆయన వైపు చూడకుండా కాఫీ తాగాను. చల్లారిపోయిన కాఫీ, పైగా మా ఊరికంటే రెట్టింపు ధర. ఆ పేరు గురించి ఇంకో నిమిషం ఆలోచించి ఉంటే నాకు ఇంత తిరుగుడు ఉండేది కాదు.

బళ్ళారి: రూమా, ఇల్లా?

బళ్ళారిలో దిగగానే ముందు కనిపించేది ఎరుపు. రోడ్డు ఎరుపు, గోడలు ఎరుపు, మేకలు ఎరుపు, వేపాకులు ఎరుపు. ఖనిజం లారీలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి, దుమ్ము లేస్తూనే ఉంటుంది. నేను బుద్ధిలేక తెల్లచీర కట్టుకుని వెళ్ళాను. మధ్యాహ్నానికి అది ఇటుకరంగు తిరిగింది. లాడ్జీ దగ్గర చాకలాయనకు ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది బళ్ళారి రంగమ్మా. పోదు. ఇంకో రెండు చీరలు కూడా ఇట్లనే చేసుకో, సరిపోతాది" అన్నాడు.

ఆ లాడ్జీలో గది దొరకడమే ఒక కథ. అప్పటికి చాలా లాడ్జీలు తిరిగాను. అన్నీ లారీల వాళ్ళతోనూ, పెద్ద పెద్ద కార్ల వాళ్ళతోనూ నిండిపోయి ఉన్నాయి. ఒక చోట గుమాస్తా తలెత్తకుండానే, "రూమ్ ఇల్ల" అన్నాడు. రూము కావాలా, ఇల్లు కావాలా అని అడుగుతున్నాడనుకుని, "రూము చాలు నాయనా, ఒక్కదాన్ని, ఇల్లేం చేసుకుంటాను?" అన్నాను. అతను తలెత్తి నన్నూ, నా ఎర్ర చీరనూ చూశాడు. "ఇల్ల అమ్మా, ఇల్ల!" అన్నాడు గట్టిగా. "ఇల్లొద్దయ్యా, రూమే!" అన్నాను నేను అంతకంటే గట్టిగా. పక్కన బెంచీ మీద కూర్చున్నవాళ్ళు పడీ పడీ నవ్వుతుంటే అందులో ఒకాయన చెప్పాడు, కన్నడంలో ఇల్ల అంటే లేదని. నవ్వి నవ్వి గుమాస్తాకే జాలేసి మేడ మీద మూలగది ఒకటి తీయించాడు. మా ఒంగోల్లో ఆ డబ్బుకి ఏసీలో పడుకోవచ్చు. ఇక్కడ ఫ్యాను తిరిగితే దానితోపాటు మంచం కూడా ఊగుతుంది.

బళ్ళారి జనానికి నేను గనుల కోసమే వచ్చానని గట్టి నమ్మకం. టిఫిను తెచ్చిన మనిషి, "మైనింగ్ పార్టీనా అమ్మా?" అన్నాడు. కాదంటే, "అయితే కోర్టు పనా?" అన్నాడు. ఆ రెండూ కాని మనిషి ఆ ఊరికి రావచ్చని అతనికి తోచినట్టు లేదు.

మర్నాడు ఖాజా అనే ఆటో ఆయన దొరికాడు. తెల్లగడ్డం, నోట్లో వక్కపొడి. కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ ఒకే వాక్యంలో మాట్లాడతాడు. తెలుగు మనిషినని తెలియగానే నాతో తెలుగులోకి దిగిపోయాడు. ఎక్కి కూర్చున్నాను గాని, ఎక్కడికని చెప్పడానికి నోరు పెగల్లేదు. ఆటో బయల్దేరాక అతని వీపుకి చెప్పినట్టు చెప్పాను, "కల్లు బంగళాకి."

అతను ఆటో ఆపేశాడు. "ఏం బంగ్లా?"

"కల్లు. కల్లు బంగళా. పాతకాలంది."

"నువ్వా?" అన్నాడు. తర్వాత, "మీ ఇంటాయన తాగి యాడన్నా పడినాడా అమ్మా?" అని గొంతులో జాలి తెచ్చుకుని అడిగాడు. నాకు తల తీసేసినట్టయింది. లేదు, మా తాత అక్కడ పనిచేసేవాడు, చూడాలని వచ్చాను అన్నాను. పాపం, మంచిమనిషి. ఇంకేమీ అడగకుండా నన్ను ఊళ్ళో ఉన్న సారా అంగళ్ళన్నీ తిప్పాడు. ఒక్కో దాని ముందు ఆపి, తానే దిగి అడిగి వచ్చి, "ఇది కాదంట" అనేవాడు. నేను ఆటోలో తలమీద కొంగు కప్పుకుని కూర్చున్నాను. ఒక చోట తాగినవాడెవడో వచ్చి నాకు దణ్ణం పెట్టి, "అమ్మోరు వచ్చె, అమ్మోరు వచ్చె" అన్నాడు. ఎర్రచీర మహిమ.

సాయంత్రానికి ఖాజాకే విసుగొచ్చింది. "అమ్మా, కల్లు కావల్లంటే మోక దిక్కు పోవల్ల. ఏటిగట్టున ఈతచెట్లుండాయి. బంగ్లా ఉంటే ఆడే ఉండల్ల" అని తేల్చాడు.

మోక

మోకకు బస్సులో వెళ్ళాను. ఊళ్ళో లారీల రొద లేదు. దుమ్ము కూడా మామూలు దుమ్ము రంగులోనే ఉంది. ప్రాణం లేచివచ్చింది. బస్సు ఆగే చోట ఒకామె బజ్జీల కొట్టు పెట్టుకుంది. నాగమ్మట. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టించుకున్నాను. ఉగ్గాని అంటే నానబెట్టి పిండిన మరమరాలకు తాలింపు వేసి, పుట్నాలపొడి చల్లుతారు. మా వైపు మరమరాలు పిల్లల చిరుతిండి. ఇక్కడ పొలానికి పోయే మగవాళ్ళు పొద్దున్నే ఆకునిండా అదే తిని పోతున్నారు. బజ్జీ మిరపకాయ కారానికి నా కళ్ళమ్మట నీళ్ళు కారాయి. నాగమ్మ మజ్జిగ ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు.

ఆ చనువుతో అడిగాను. ఆమె గరిటె పక్కన పెట్టి, "కల్లు యాడుందమ్మా ఇప్పుడు? అంతా సారా ప్యాకెట్లే. మునుపు ఉండె, ఏటికాడ" అంది. తర్వాత నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "చూస్తే మర్యాదస్తురాల్లా ఉండావు. నీకేం కష్టమొచ్చెనమ్మా?" అంది.

కొట్టు చుట్టూ ఉన్న మగవాళ్ళకు విషయం దొరికింది. బంగ్లా ఏటి వరదలో కొట్టుకుపోయిందని ఒకాయన. కొట్టుకుపోయింది గుడిసె, బంగ్లా సిరుగుప్పలో ఉండల్ల, వడ్ల వ్యాపారస్తుల కాడ డబ్బుంది గనక వాళ్ళే కట్టించింటారు అని ఇంకొకాయన. అసలు కల్లుకు బంగ్లా ఎందుకప్పా, కుండ చాలదా అని మూడో ఆయన. ఆ మూడో ఆయన మాటే నాకు సబబుగా తోచింది. కల్లుకు బంగళా ఎందుకు? ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న మా ఇంట్లో ఎవరికీ రాలేదేం? బస్సులో తిరిగి వస్తూ అదే ఆలోచించాను. ఆలోచించినకొద్దీ తల దిమ్మెక్కింది గాని దారి కనిపించలేదు. ఊరికే తిరిగిపోతానేమో, అమ్మమ్మ మొహం ఎలా చూడాలి అని దిగులేసింది.

సత్యనారాయణపేట

మర్నాడు ఆదివారం. పాత మిషన్ గుడిలో తెలుగు ఆరాధన ఉంటుందని ఖాజాయే చెప్పి దింపాడు. మేం పాడే పాటలే పాడారు గాని రాగం వేరు. మేం సాగదీసే చోట వీళ్ళు గబగబా ముగిస్తారు. నేనొక్కదాన్నే ప్రతి చరణం చివరా మిగిలిపోయి, అందరి మధ్యా నా గొంతు వినపడి సిగ్గుపడ్డాను.

ఆరాధన అయ్యాక అందరూ ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటుంటే నేనూ కలిశాను. గుడి ముందర నిలబడి కల్లు బంగళా అని ఎలా అడగను? నా నోట కూడా ఆ మాట రాలేదు. "మా తాత యోహాను అని, దొర దగ్గర పనిచేసేవారు, ఒంగోలు అమ్మాయిని చేసుకున్నారు" అని మాత్రం అన్నాను.

ఒక ముసలామె చేతికర్ర నేలకు కొట్టి ఆగింది. "ఒంగోలు పిల్లనా? మా చిన్నాయన గదా! నువ్వెవరమ్మే?"

పేరు రాహేలమ్మ. తాత అన్న కూతురు. అంటే మా అమ్మకు అక్క, నాకు పెద్దమ్మ. ఎనభై పైబడినా మనిషి గట్టిగా ఉంది. నేనెవరో చెప్పగానే కౌగిలించుకుంటుందనుకున్నాను. "ఇప్పుడొస్తిరా?" అంది. అని నడిచింది. వెనకాలే రమ్మందో, వద్దందో తెలియక నేనూ నడిచాను.

సత్యనారాయణపేటలో వాళ్ళ ఇల్లు. లోపలికి రమ్మనలేదు గాని కంచం పెట్టింది. జొన్నరొట్టె, గుత్తివంకాయ, వేరుశనగకాయల పొడి. మేం అన్నం తినే మనుషులం, రొట్టె తుంచడం చేతకాక తిప్పలు పడుతుంటే తనే తుంచి ఇచ్చింది. ఇస్తూనే తిట్టింది.

"కోట లాంటి ఇంట్లో పెట్టి చూసుకుంటానంటే రాకపాయె మీ అవ్వ. ఏం తక్కువాయె మా చిన్నాయన? మీ దిక్కు పచ్చని పొలాలు, మా దిక్కు రాళ్ళు రప్పలు, అందుకేనా? మా అమ్మ చచ్చేదాకా అనుకుంటానే ఉండె, కోస్తా వాళ్ళకు పొగరు అని."

"కోటేంటి పెద్దమ్మా?" అన్నాను.

"కోటే. ఊరి చివర, యూనివర్సిటీ కాడ ఉండాది. దొర కట్టించె. చిన్నాయన దానికంతా పెద్ద. తాళాలన్నీ ఆయన కాడే."

నాకు అయోమయం ఇంకా పెరిగింది. కోట, దొర, తాళాలు. మరి కల్లు? కోటలో కల్లు దింపేవారా? దొర కల్లు వ్యాపారం చేసేవాడా? "అక్కడ... అమ్మేవారా?" అని నసిగాను.

"ఏంది అమ్మేది?"

"అదే... తాగేది."

"నీళ్ళా?" అంది పెద్దమ్మ, నాకు మతి చలించిందేమో అన్నట్టు చూసి. నేను వంకాయ నోట్లో పెట్టుకుని ఊరుకున్నాను. ఆమె చెయ్యి కడుక్కుని చేతికర్ర అందుకుంది. "పద. చూపిస్తా. కళ్ళతో చూసి మీ అవ్వకు చెప్పు, ఏం పోగొట్టుకునిందో."

కోట

మళ్ళీ ఖాజా ఆటోయే ఎక్కాం. యూనివర్సిటీ గోడ దాటగానే కనిపించింది. నిజంగానే కోట! రెండు మూలలా గుండ్రటి బురుజులు, పైగోడ పళ్ళు పళ్ళుగా, కిటికీలు పైకి పోతూ పోతూ మొనదేలి. మన రాజుల కోటలా లేదు, నవాబుల మేడలా లేదు. ఎవరో ఎక్కడినుంచో ఎత్తుకొచ్చి ఇక్కడ మరిచిపోయినట్టుంది. చుట్టూ ఆవరణలో ఖనిజం లారీలు పడుకుని ఉన్నాయి.

గోడ మీద కూర్చున్న విద్యార్థులను ఇదేమిటని అడిగాను. దెయ్యాల కోట అన్నాడొకడు. పాతకాలం జైలు అంది ఇంకో అమ్మాయి. ఖాజా అయితే, "సినిమావాళ్ళు వేసి వదిలిపెట్టిన సెట్టింగు అనుకుంటాండా నేను ఇన్నాళ్ళూ" అన్నాడు. అదే ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి! పెద్దమ్మ కర్రతో ఆటోను ఒక్క పోటు పొడిచింది.

గేటు దగ్గర కాపలా మనిషి హనుమంతప్ప అడ్డం వచ్చాడు. అతనికి తెలుగు రాదు. "ఒళగడె యారూ ఇల్ల" అన్నాడు. ఇల్ల అంటే లేదని నాకు తెలుసు కదా, "ఎవరూ లేరట" అని గర్వంగా పెద్దమ్మకు చెప్పాను. నేను సర్వే మనిషినో, పేపరు మనిషినో, ఇంకో పార్టీ తరఫున కొలతలకు వచ్చానో అని అతని భయం. స్థలం ఎవరో గనులాయన కొన్నాడట. వచ్చే నెల పడగొడతారట. పెద్దమ్మ కన్నడంలో అందుకుని అతన్ని ఉతికి ఆరేసింది. అతను తాళం తీశాడు.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. గడప దాటి లోపలికి అడుగు పెట్టానో లేదో ఒళ్ళంతా చల్లబడింది. ఫ్యాను లేదు, కిటికీలు మూసి ఉన్నాయి, అయినా చల్లగా ఉంది. ఇదెక్కడి చల్లదనమా అని గోడమీద చెయ్యి పెట్టాను. హనుమంతప్ప నా పక్కకు వచ్చి తనూ అరచేత్తో గోడను చరిచాడు.

"ఎల్లా కల్లు అమ్మా. కల్లు! ఒందు ఇట్టిగెనూ ఇల్ల."

నేను గబుక్కున ఖాజా వైపు తిరిగాను. "ఏమంటున్నాడు? ఎక్కడ కల్లు?"

"అంతా రాయే అంటాండాడు," అన్నాడు ఖాజా. "ఒక్క ఇటుక కూడా లేదంట."

"రాయి కాదు, కల్లు అన్నాడు!"

"అవునమ్మా. కన్నడంలో కల్లంటే రాయే గదా."

నేను ఖాజా మొహంలోకి చూశాను. ఖాజా నా మొహంలోకి చూశాడు. అతనికీ అప్పుడే వెలిగింది. "అరే అల్లా," అన్నాడు మెల్లిగా, "కల్లు బంగ్లా... నువ్వు తెలుగులో అడిగితివి, నేను తెలుగులో తిప్పితి!"

"కల్లు బంగ్లానే ఇది," అంది పెద్దమ్మ. "మునుపు అందరూ అట్లనే అంటాండిరి. రాళ్ళతో కట్టింది గనక. ఎందుకట్ల అయిపోయినావు మే? కూచో."

నేను మెట్టుమీద కూలబడి అంతా చెప్పాను. భోజనాల దగ్గర మాట, ముత్తాత చేతిలో ముద్ద, ఫోటో, అన్నీ. పెద్దమ్మ మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. కర్ర పక్కన పడేసి నా పక్కనే కూర్చుంది.

"ఒక్కరన్నా అడగల్ల గదమ్మే, కల్లంటే ఏందని! ఒక్కరన్నా!"

"ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనరు పెద్దమ్మా."

"అయ్యో దేవుడా," అంది. తర్వాత కన్నీళ్ళు తుడుచుకుని, "ఆమెకు నేనుండే చోటు నచ్చలేదు అంటాండె చిన్నాయన. ఇంతకంటే మంచి చోటు యాడ తెచ్చేది అంటాండె. అట్లనుకుంటానే పాయె" అంది.

లేచి నా చెయ్యి పట్టుకుని హాలు వెనక చిన్నగదిలోకి తీసుకుపోయింది. తాత గది. లారీ డ్రైవర్లెవరో వాడుకుంటున్నట్టున్నారు, చాపలు పరిచి ఉన్నాయి. పెద్దమ్మ కర్రెత్తి పైకి చూపించింది. ఎదురెదురు గోడల్లో, రాయి తొలిచి, రెండు పెద్ద ఇనుప కొక్కేలు దించి ఉన్నాయి. వాటికి అడ్డంగా తాడు కట్టి ఎవరో చొక్కాలు ఆరేసుకున్నారు.

"ఆడపిల్ల పుట్టిందని కబురొస్తానే తనే ఎక్కి కొట్టె, ఉయ్యాలకు. రాయి గదా, ఊరికే దిగుతాదా? చేతులు బొబ్బలెక్కె. నేను చిన్నపిల్లను, కింద నిలబడి చూస్తాంటి. సున్నం కొట్టి, గది కడిగి పెట్టి, తోడుకొస్తానని మీ ఊరికి పాయె. ఒక్కడే తిరిగొచ్చె."

ఆ కొక్కేలు మా అమ్మ కోసం. తండ్రి ఏం చేస్తాడని అడిగితే లేడని కూర్చున్న మా అమ్మ కోసం. ఖాజా ఎక్కడినుంచో స్టూలు తెచ్చి వేశాడు. నేను ఈ వయసులో స్టూలెక్కి, ఒకటైనా పీకి తీసుకుపోదామని రెండు చేతులా పట్టుకుని లాగాను. ఊగను కూడా ఊగలేదు. స్టూలు మీదే నిలబడి, గోడకు చెంప ఆనించి ఏడ్చాను. గోడ చల్లగా ఉంది.

మళ్ళీ గుంతకల్లు, ఒంగోలు

పెద్దమ్మ రైలుదాకా వచ్చి జొన్నరొట్టెలు మూటకట్టి ఇచ్చింది. "మీ అవ్వను అడిగినానని చెప్పు. పొగరనుకుంటిమని చెప్పొద్దు" అంది. ఖాజా ఆటో డబ్బులు తీసుకోవడానికి ఎంతకీ ఒప్పుకోలేదు, తప్పు దారి తిప్పినానని. నేను అతని జేబులో కుక్కి రైలెక్కాను.

గుంతకల్లులో మళ్ళీ ఆగింది. ఇంతింత అక్షరాల బోర్డు నా కిటికీ ఎదురుగానే ఉంది. గుంత, కల్లు. చిన్నప్పటినుంచీ వింటున్న పేరు. ఎవరో రాయిని చూసి పెట్టుకున్న పేరే అయి ఉంటుంది కదా అనిపించింది. పిచ్చిదానిలా బోర్డు వంక చూసి నవ్వుతుంటే కాఫీ అమ్మేవాడు నన్ను దాటుకుని పక్క పెట్టెకు పోయాడు.

ఇంటికి చేరేసరికి అమ్మమ్మ వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది. నా చీర రంగు వంక చూసింది. నేను కాళ్ళు కడుక్కుని ఆమె ముందు నేలమీద కూర్చున్నాను. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలా అని ఎన్నో రకాలుగా అనుకున్నాను. తీరా నోటికి వచ్చింది ఒక్కటే. "కల్లంటే అక్కడ రాయి అమ్మమ్మా. రాతి బంగళా అది."

ఆమెకు వినపడలేదేమోనని మళ్ళీ చెప్పాను. వినపడింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. కోట సంగతి చెప్పాను, తాళాల సంగతి చెప్పాను, రాహేలమ్మ పెద్దమ్మ సంగతి చెప్పాను. కొక్కేల సంగతి కూడా చెప్పాను. నేను లేచి లోపలికి వెళ్ళి, అమ్మ పెట్టెలోంచి ఆ ఫోటో తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. కొంగుతో దాన్ని తుడిచింది. తుడుస్తూనే ఉంది.

"నువ్వు లోపలికి వెళ్ళావా?" అంది చివరికి.

"వెళ్ళాను."

"చల్లగా ఉందా?"

"ఉంది అమ్మమ్మా. ఆ ఎండలో కూడా చాలా చల్లగా ఉంది."

అమ్మమ్మ తల ఊపింది.

"అదే చెప్పాడు," అంది.